యూకేజీ బాబు నోటుబుక్కులో రాత తగ్గింది, ఇంటికి ఆకులూ మొలకలూ వస్తున్నాయి. మార్చిలో క్లాసులో అసలేం నేర్పుతారు?

మద్దిలపాలెం అమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే అండి. మా బాబుకి ఐదున్నర ఏళ్లు, యూకేజీ చదువుతున్నాడు. జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లాలి. సంక్రాంతి సెలవుల వరకూ రోజూ నోటుబుక్కు నిండా రాత ఉండేది. ఫిబ్రవరిలో కొత్త టీచర్ వచ్చారు, అప్పటినుంచి తీరు మారిపోయింది. ఒకరోజు తడిగుడ్డలో మూటకట్టిన పెసలు తెచ్చాడు. ఇంకోరోజు జేబు నిండా ఎండిన వేపాకులు. మొన్న మావిడాకు ఒకటి పట్టుకొచ్చి "అమ్మా, దీని వయసెంతో చెప్పు" అంటాడు. నోటుబుక్కు తెరిస్తే వారానికి రెండు పేజీలు, అందులో సగం బొమ్మలు.

పక్కింటి పాపదీ ఇదే వయసు, వేరే స్కూలు. ఐదొందల వరకు అంకెలు రాసేస్తోంది, కర్సివ్ మొదలుపెట్టింది. మా అత్తగారు రోజూ సాయంత్రం ఆ పాప పుస్తకం చూసొచ్చి నా మొహం చూస్తారు. పైగా ఇప్పుడు ఒంటిపూట బడులు కదా, పన్నెండున్నరకల్లా ఇంటికి వచ్చేస్తున్నాడు. జూన్‌లో వేరే పెద్ద స్కూల్లో చేర్పిద్దామని అడిగితే "పిల్లవాడికి చిన్న టెస్టు ఉంటుంది" అన్నారు. అప్పటినుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. వేసవిలో రాత ట్యూషన్ పెట్టించేద్దాం అంటున్నారు మా ఆయన.

ఈ నెలల్లో యూకేజీ పిల్లలకి క్లాసులో ఏం నేర్పాలి? ఈ ఆకులు, గింజలు చదువు కిందకి వస్తాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గాజువాక నాన్న

మేడమ్, మీ కంగారు సబబే. మా పెద్దమ్మాయి కేజీ అంతా ఆటపాటల బడిలోనే చదివింది. ఒకటో తరగతిలో వేరే స్కూల్లో వేశాం. అక్కడ టీచర్ బోర్డు మీద రాసి పది నిమిషాల్లో చెరిపేసేవారు. మా పాప రెండు వరుసలు ఎక్కించేలోపు బోర్డు ఖాళీ. రోజూ ఏడుస్తూ వచ్చేది. నేను షిఫ్టు అయ్యాక రాత్రిపూట కూర్చోబెట్టి రాయించేవాడిని. దసరా నాటికి సర్దుకుంది. ఆటలు వద్దని నేననను, పిల్లలు ఆడుకోవాల్సిందే. కానీ చేరబోయే స్కూలు ఎలాంటిదో చూసుకుని, రోజూ అరగంటైనా రాత అలవాటు చేయండి. ఏడ్చేది పిల్లలే కదా.

పెదవాల్తేరు టీచర్

అమ్మా, నేను పెదవాల్తేరులో ఒక చిన్న బడిలో చాలాకాలంగా యూకేజీ పిల్లలకి చెబుతున్నాను. మీ బాబుది మా బడి కాదు. అయినా ఆ పెసల మూట, ఆ మావిడాకు ప్రశ్న చదవగానే వాళ్ల టీచర్ ఏం చేస్తున్నారో నాకు కళ్లకి కట్టింది. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మావిడాకు సంగతి. మావిడి చిగురు మొదట రాగిరంగులో, మెత్తగా, కిందికి వేలాడుతూ ఉంటుంది. నాలుగు రోజులు పోయాక లేతాకుపచ్చకి తిరుగుతుంది, నిటారుగా నిలబడుతుంది. తర్వాత ముదురు ఆకుపచ్చ, తోలులా దళసరి. రాలే ముందు పసుపు. క్లాసులో ఒక్కో గుంపుకి ఈ నాలుగు రకాల ఆకులూ కలిపి ఇచ్చి, చిన్నది ముందు, పెద్దది వెనక, వయసు ప్రకారం వరుసలో పెట్టమంటాం. పిల్లలు కొట్టుకుంటారు. "రంగు లేతగా ఉంది కాబట్టి ఇదే చిన్నది" అని ఒకడు, "కాదు, మెత్తగా ఉన్నదే చిన్నది" అని ఒకత్తి. ఎందుకు అలా పెట్టావని అడిగితే కారణం చెప్పాలి. ఐదేళ్ల పిల్ల నోటివెంట "ఎందుకంటే" అన్న మాట రావడం కోసం మేం ఏడాదంతా ఎదురుచూస్తాం. వరుసలో పెట్టడం లెక్కల పాఠం, కారణం చెప్పడం భాష పాఠం, ఆకు ముదరడం సైన్సు పాఠం. మీ అబ్బాయి ఇంటికొచ్చి మిమ్మల్నే పరీక్ష పెట్టాడంటే పాఠం వాడికి ఎక్కిందన్నమాట.

విశాఖలో ఈ పాఠాలకి ఇంతకంటే మంచి కాలం లేదు. ఇంగ్లీషు రైమ్స్ పుస్తకాల్లో వసంతం అంటే మంచు కరగడం, మన ఊళ్లో పూయని పూలు పూయడం. మన పిల్లలు కిటికీలోంచి చూస్తే ఫిబ్రవరిలో వేపచెట్టు ఆకులన్నీ రాల్చేస్తుంది, ఉగాది వచ్చేసరికి ఎర్రటి చిగురు, దాని వెనకే తెల్లటి పూత. మా ఆవరణలో పాత వేప ఒకటి ఉండేది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి కూలిపోయింది. ఆ తర్వాత నాటిన వేప, కానుగ ఇప్పుడు పిల్లల తలలకి నీడనిస్తున్నాయి. రోజూ పొద్దున్న అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్తాం, నిన్నటికీ ఇవాల్టికీ ఏం మారిందో అడుగుతాం. పుస్తకంలోని నాలుగు ఋతువుల పటం నేను గోడకి పెట్టను. చలి, ఎండ, వాన అన్న మూడు కాలాలు వాళ్ల ఒంటికి తెలుసు, అక్కడ మొదలుపెడతాం. ఉగాది రోజుల్లో చిగురు చూపించి, చైత్ర వైశాఖాలు రెండూ వసంతమని పేరు చెబుతాం. ముందు చూడాలి, పేరు తర్వాత.

పెసల మూట గురించి. పెసలు, మెంతులు, ధనియాలు మూడూ ఒకేరోజు నానబెడతాం. ముందు ఏది మొలకెత్తుతుందో ఎవరికి వాళ్లు చెప్పాలి. చాలామంది పెద్ద గింజ ముందొస్తుందంటారు. పెసలు ఒకటి రెండు రోజుల్లో తోక బయటపెడతాయి, మెంతులు వాటి వెనకే. ధనియాలకి వారం పైనే పడుతుంది. గింజని రెండు బద్దలుగా నలిపి వేస్తేనే సరిగా వస్తాయి. ఆ వారం పిల్లలకి పెద్ద పరీక్ష. కొందరు ధనియాల కప్పు పారేయమంటారు, కొందరు రోజూ వంగి చూసి వెళ్తారు. ఒక కప్పుని అట్టపెట్టెలో మూసిపెడతాం. చీకట్లో పెరిగిన మొలక మిగతావాటికంటే పొడుగ్గా సాగి, పాలిపోయి, పసుప్పచ్చగా వస్తుంది. ఆ పెట్టె తెరిచిన రోజు మా క్లాసులో ఒక పాప "దీనికి అన్నం పెట్టలేదా టీచర్?" అని అడిగింది. వెలుతురుతో ఆకు తన తిండి తాను తయారుచేసుకుంటుందన్న సంగతికి ఇంతకంటే దగ్గర దారి నాకు తెలీదు.

రోజూ మొలక పక్కన దారం పెట్టి, అంత పొడుగు కత్తిరించి, అట్ట మీద వరుసగా అంటిస్తారు. సోమవారం దారం చిట్టిది, శుక్రవారం దారం పొడుగుది. స్కేలు అక్కర్లేకుండానే కొలత వచ్చేసింది. ఉగాది పచ్చడి చేసే రోజు కూడా అంతే. ఆరు రుచులకి ఆరు గడులు గీసి, తనకి నచ్చిన రుచి పైన ఒక్కొక్కరూ ఒక ఆకు అంటిస్తారు. అనకాపల్లి బెల్లం గడి ప్రతి ఏడూ అన్నిటికంటే ఎత్తుగా లేస్తుంది. చేదుకి ఎన్ని ఓట్లు, పులుపుకి ఎన్ని, ఏది ఎంత ఎక్కువ అని వాళ్లే చెబుతారు.

ఇప్పుడు ఐదొందల అంకెల మాట. పక్కింటి పాప రాస్తున్నప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. చాలామంది పిల్లలు పేజీ పొడుగునా ముందు 2 వేసుకుంటూ దిగుతారు, తర్వాత పైకొచ్చి పక్కన ఒకటి, రెండు, మూడు నింపుతారు. చేతికి పని దొరికింది, లెక్క మాత్రం జరగలేదు. ఆ పిల్లనే పిలిచి గిన్నెలోంచి ఇరవై మూడు చింతపిక్కలు తీసి ఇమ్మనండి. వేలు ఒకచోట, నోరు ఇంకోచోట ఉంటే ఇంకా సమయం కావాలని అర్థం. ఒక్కో పిక్కకీ ఒక్కో అంకె చెప్పడం, ఆఖరున చెప్పిన అంకె మొత్తం ఎన్నో చెబుతుందని తెలుసుకోవడం, గవ్వలు ఎడంగా పరిచినా కుప్పగా పోసినా అవే పది అని నమ్మడం, ఇవి కుదిరాకే కూడిక. ఐస్‌క్రీమ్ పుల్లలు పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయించడం మార్చిలో మొదలుపెడతాం. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు పట్టుకున్న పిల్ల ఇరవై మూడు రాస్తే ఆ 2 ఎందుకు ముందుందో దానికి తెలుసు. ఏటికొప్పాక బొంగరాలు మా దగ్గర ఒక బుట్టెడు ఉన్నాయి. ఏ రంగువి ఎన్ని, ఏది ఎక్కువసేపు తిరిగింది, అదీ లెక్కే.

అక్షరాల దగ్గరికి వస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వర్ణమాల వరుసంతా అయ్యేదాకా మేం ఆగం. అల, వల, పడవ. గుణింతం అక్కర్లేని మాటలు ఇవి, పైగా మన పిల్లలు రోజూ చూసేవి. అ, ల, వ, ప, డ ఐదక్షరాలు వస్తే ఈ మూడూ చదివేయొచ్చు. ప, వ, మ ఒకేలాంటి గీతలతో నడుస్తాయి, ఒకటి వస్తే మిగతా రెండూ చెయ్యి పట్టుకుని వస్తాయి. అంతకుముందే చప్పట్ల ఆట ఉంటుంది. మా, మి, డి అని మూడు చప్పట్లు. ప, డ, వ అని మూడు. మాటని ముక్కలుగా వినగలిగిన చెవికి అక్షరం చూపిస్తే ఇట్టే పట్టుకుంటుంది.

మా క్లాసులో మత్స్యకారులుండే పెదజాలారిపేట నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. కిందటేడు ఆ రోజుల్లో ఒక బాబు లేచి నిలబడి చెప్పాడు: "టీచరూ, మా నాన్న ఇప్పుడు ఏటకెల్లడు. సేప గుడ్డెడతాది. బోటు ఇంటికాడ రంగేసుకుంటాది." జూన్ నుంచి నోరు విప్పని పిల్లవాడు వాడు. వాడు చెప్పినట్టే, వాడి మాటల్లోనే బోర్డు మీద రాశాను. కింద పుస్తకంలో ఉండే తీరులో ఇంకోసారి రాశాను. రెండూ అందరం చదివాం. తన నోట్లోంచి వచ్చిన మాట తెల్లగా బోర్డు మీద నిలబడటం చూసి ఆ బాబు దగ్గరికి వచ్చి "బోటు" అన్న మాటని వేలితో తడిమాడు. ఆ వారంలోనే పడవ, వల అని పలక మీద రాశాడు, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా. మిగతా పిల్లలు వాడిని ప్రశ్నలతో కమ్మేశారు. గుడ్డు ఎంతుంటుంది, చేప ఎక్కడ పెడుతుంది, అన్ని రోజులు మీరేం తింటారు. ఆ ఆఖరి ప్రశ్నకి కూడా వాడు తలెత్తుకుని జవాబు చెప్పాడు. చదువంటే నాకు అది.

నేను చెప్పదలచుకున్నది ఇదేనమ్మా. ఈ కాలంలో పిల్లలకి చెప్పడానికి ఏదో ఒకటి రోజూ కొత్తగా దొరుకుతుంది. చెప్పాలన్న తొందర ఉన్నప్పుడు వాక్యం పొడుగవుతుంది. పొడుగు వాక్యం నోటికి వచ్చిన పిల్లకి చదవడం, రాయడం దాని వెనక నడిచి వస్తాయి. జూన్‌లో "ఆకు" అని ఒక్క మాటతో ఆగిపోయిన పిల్ల ఏప్రిల్‌కి నాలుగు వాక్యాలు కలిపి చెబుతోందా లేదా అన్నదే నేను ఏడాది చివర చూసుకునే మార్కు.

గాజువాక సార్ రాసింది నేను కొట్టిపారేయను. బోర్డు చూసి ఎక్కించుకోలేక పిల్ల ఏడవడం నిజమైన బాధ. అయితే చేతి సంగతి కొంచెం వినండి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. ఐదేళ్లకి అన్నీ గట్టిపడి ఉండవు. ఈ వయసులో పేజీలకి పేజీలు రాయిస్తే వేళ్లు నొప్పిపెట్టి, పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకోవడం అలవాటు కావచ్చు. ఆ పట్టు తర్వాత మార్చడం చాలా కష్టం. చపాతీ పిండి పిసకడం, బఠానీలు వలవడం, సూది లేకుండా దారానికి పూసలు గుచ్చడం, కాగితం చింపి అంటించడం, బట్టల క్లిప్పులు తీగకి పెట్టడం, ఇవన్నీ రాతకి కసరత్తులే. రాత ఉండొద్దని నేను అనడం లేదు. రోజూ ఒక బొమ్మ, దాని కింద తను చెప్పాలనుకున్న ఒకటి రెండు మాటలు, కింద పేరు. మీ అబ్బాయి పుస్తకంలో సగం బొమ్మలు ఉన్నాయన్నారు కదా, వాటి కింద మాటలు ఉన్నాయా చూడండి. ఉంటే వాళ్ల టీచర్ మీద నాకు పూర్తి నమ్మకం.

ఇది మాలాంటి నలుగురు టీచర్ల సొంత ఆలోచన కాదు కూడా. 2020 జాతీయ విద్యావిధానంలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకే దశ. అంటే కేజీ మొదలు రెండో తరగతి దాకా ఒకే పునాది. 2022 అక్టోబరులో ఆ దశకి వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలో ఆట ద్వారా నేర్పమని, ఇంటి భాషలో మొదలుపెట్టమని, ఈ పిల్లలకి పరీక్షలు తగవని స్పష్టంగా ఉంది.

మద్దిలపాలెం అమ్మ

టీచర్ గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. మా అత్తగారికి కూడా చదివి వినిపించాను. బొమ్మల కింద మాటలు ఉన్నాయండి! "పసల మలక" అని రాసి ఉంది, పెసల మొలక అన్నమాట. నేను తప్పు అని దిద్దబోయాను, ఆగాను. అది దిద్దాలా? ఇంకో మాట. బీచ్‌లో తాబేలు పిల్లల్ని చూపించమని రోజూ అడుగుతున్నాడు, క్లాసులో చెప్పారట. ఎక్కడ, ఎప్పుడు వెళ్లాలి?

సాగర్ నగర్ తాతయ్య

తాబేలు పిల్లల సంగతి నేను చెబుతానమ్మా, రోజూ తెల్లవారుజామున ఒడ్డున నడుస్తాను. ఇవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడ తాబేళ్లు రాత్రిపూట ఇసుకలోకి వచ్చి, గుంట తవ్వి వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కల బారిన పడకుండా అటవీశాఖవాళ్లు ఆ గుడ్లు ఏరి, కంచె వేసిన చోట మళ్లీ ఇసుకలో పూడుస్తారు. నలభై అయిదు నుంచి అరవై రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. పొద్దు పొడిచే వేళ వాటిని సముద్రం వైపు వదులుతారు. ఏ రోజన్నది ముందే చెప్పడం కష్టం, కంచె దగ్గర ఉండే మనిషిని అడిగితే చెబుతాడు.

బాబుకి ముందే రెండు విషయాలు చెప్పండి. పిల్లల్ని చేత్తో పట్టుకోకూడదు. సెల్‌ఫోన్ లైటు వేయకూడదు. చీకట్లో వెలుతురు ఎటుంటే అటు పోతాయి అవి, సముద్రం మీది వెలుతురే వాటికి దారి. మన బీచ్ రోడ్డు దీపాలే వాటికి పెద్ద చిక్కు. మా మనవరాలు ఆ మాట విన్నాక బాల్కనీ లైటు ఆర్పేదాకా ఊరుకోలేదు. మీవాడూ అంతే అంటాడు, చూడండి.

సీతమ్మధార న్యాయవాది

అడ్మిషన్ టెస్టు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 13 ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకి గానీ ఎలాంటి వడపోత పరీక్షా పెట్టకూడదు. ఇంటర్వ్యూ అని పేరు మార్చినా అదే. మొదటిసారి అతిక్రమిస్తే 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది. గొడవ పడమని నేను చెప్పను. "టెస్టు దేనికోసమో, ఏం చూస్తారో కాగితం మీద రాసిస్తారా?" అని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఆ ప్రశ్నతోనే టెస్టు పరిచయ కార్యక్రమంగా మారిపోతుంది. మారకపోతే మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

గాజువాక నాన్న

టీచర్ గారూ, మణికట్టు ఎముకల సంగతి నాకు తెలీదు. మా చిన్నమ్మాయి ఇప్పుడు ఎల్‌కేజీ. బఠానీలు వలిపించడం ఇవాల్టినుంచే మొదలుపెడతాం. అయినా ఒక మాట అడుగుతాను. కేజీలో ఎంత బాగా నేర్పినా, ఒకటో తరగతి టీచర్ తొందరపెడితే ఏం చేయాలి?

పెదవాల్తేరు టీచర్

సార్, ఆ ప్రశ్న నన్నూ బాధిస్తుంది. ఒకటో తరగతి టీచర్ ఎదుట కొన్నిచోట్ల నలభై మంది ఉంటారు, సిలబస్ తరుముతూ ఉంటుంది. అందుకే ఏప్రిల్‌లో మేం ఒక్కో పిల్ల గురించి ఒక పేజీ రాసి తల్లిదండ్రులకి ఇస్తాం. ఏం చెప్పగలదు, ఎంతవరకు లెక్కపెట్టగలదు, ఏ అక్షరాలు చదవగలదు, రాయడంలో ఎంత వేగం. దాంతోపాటు జూన్‌లో గీసిన ఒక బొమ్మ, మార్చిలో గీసిన ఒక బొమ్మ. ఆ కాగితం తీసుకెళ్లి కొత్త టీచర్‌ని మొదటి వారంలోనే కలవండి. "మా పాప చదవగలదు, రాయడానికి ఇంకాస్త సమయం కావాలి, బోర్డు చెరిపే ముందు ఒకసారి చూడండి" అని అడగండి. విని సర్దుకునే టీచర్లే ఎక్కువ. మీ పిల్ల బడిలో ఇలాంటి కాగితం ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.

మద్దిలపాలెం అమ్మా, "పసల మలక" దిద్దకండి. ప, స, మ, ల, క అన్నీ సరిగ్గా విని సరిగ్గా పెట్టాడు. లేనివి గుణింతాలే, అవి ఒకటో తరగతిలో వస్తాయి. మీరు పక్కన ఇంకో కాగితం మీద "పెసల మొలక" అని రాసి, దాన్ని మీ వంటింట్లో పెసల డబ్బాకి అంటించండి. రోజూ చూస్తాడు, ఏదో ఒకరోజు తేడా తనే పట్టుకుని మీకు చెబుతాడు.

వేసవికి ట్యూషన్ వద్దు. నా మాట విని ఒక పని చేయండి. మీకు కరివేపాకు మొక్క గానీ నిమ్మ మొక్క గానీ ఉందా? లేత ఆకుల మీద రెట్టలా కనిపించే నల్లటి తెల్లటి చిన్న పురుగు కోసం వెతకండి. పక్షులు రెట్ట అనుకుని వదిలేయాలనే దానికా వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో మెల్లిగా తాకితే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు కేక పెట్టి వెనక్కి దూకుతారు, వెంటనే మళ్లీ ముందుకొస్తారు. దాన్ని ఆ కొమ్మతోనే, గాలి ఆడే మూత ఉన్న పెద్ద సీసాలో పెట్టండి. రోజూ తాజా ఆకు వేయాలి, అదే రకం ఆకు. ఒకరోజు తిండి మానేసి, నడుముకి పట్టుదారం కట్టుకుని కొమ్మకి ఆనుకుని ఉండిపోతుంది. పచ్చటి ఆకుల మధ్య ఉంటే ఆ గూడు పచ్చగా, ఎండు పుల్ల మీద ఉంటే గోధుమరంగులో ఉంటుంది. ఇంచుమించు పది రోజులకి సీతాకోకచిలుక బయటికి వస్తుంది. రెక్కలు ఆరేదాకా ముట్టుకోకుండా కిటికీ తెరిచి ఉంచాలి.

రోజూ ఒక బొమ్మ గీయమనండి, కింద తనకి తోచింది రాయమనండి. మీ అత్తగారిని ఈ పనిలో కూర్చోబెట్టండి. పెద్దవాళ్లకి కరివేపాకు పురుగు గురించి మనకంటే ఎక్కువ తెలుసు, వాడి ప్రశ్నలకి ఓపిక కూడా వాళ్లకే ఎక్కువ. సాయంత్రం పూట వాడు చూసింది ఆవిడకి చెప్పాలి, ఆవిడ ఎదురు ప్రశ్నలు వేయాలి. సెలవులు అయ్యేసరికి నలభై బొమ్మల పుస్తకం తయారవుతుంది. కొత్త స్కూల్లో ఎవరైనా వాడిని ఏం వచ్చని అడిగితే అది చూపించొచ్చు.

పురుగు సీతాకోకచిలుక అయ్యేదాకా కరివేపాకుకి మందు మాత్రం కొట్టకండి. కుండీ మొక్క ఒకటే ఉంటే పురుగులు రెండుకి మించి ఉంచకండి, అవి ఆకులన్నీ తినేస్తాయి.